వంపు సర్ఫేస్‌కీ సాలిడ్‌కీ మధ్య సందు: క్యాడ్‌లో సరిగ్గా పూడ్చే పద్ధతి

"పిడి గీశాను, జగ్గుకి ఆనడం లేదు." "నిట్ చేస్తే సాలిడ్ కావడం లేదు." "ఫిల్ కొడితే సర్ఫేస్ ముడుచుకుపోతోంది." క్యాడ్ (కంప్యూటర్‌లో త్రీడీ మోడల్ గీయడం) నేర్చుకుంటున్నవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఇవే. మూడూ ఒకేలా వినిపిస్తాయి కానీ మూడింటికీ మందు వేరు. సాలిడ్ అంటే లోపల నిండిన ఒళ్లు, సర్ఫేస్ అంటే మందం లేని పొర. నిట్ అంటే పొరల్ని అంచుల దగ్గర కుట్టడం, ఫిల్ అంటే రంధ్రాన్ని పొరతో మూయడం.

సందు కనబడగానే చాలామంది చెయ్యి ఫిల్ కమాండ్ మీదికి పోతుంది. నా దగ్గరకు వచ్చిన ఫైళ్లలో ఎక్కువ వాటికి అసలు ప్యాచే (సందు మీద వేసే సర్ఫేస్ ముక్క) అక్కర్లేదు. ఒక ముక్కను ఇంకో ముక్కలోకి కాస్త దాటించి, అదనంగా ఉన్నది కోసేస్తే సరిపోయేది. సర్ఫేస్ వేయాల్సిన చోటు కూడా ఉంటుంది. అక్కడ అడుగుల వరుస తప్పితే ఎంత మంచి కమాండ్ అయినా పనికిరాదు.

ఇక్కడ మెనూ పేర్లు సాలిడ్‌వర్క్స్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌వి. ఫ్యూజన్, రైనో, ఫ్రీక్యాడ్ వాడేవాళ్ల కోసం అవసరమైన చోట ఆ పేర్లూ ఇచ్చాను.

1. ముందు సందు ఏ రకమో తేల్చుకోండి

మోడల్‌ని సెక్షన్ వ్యూలో కోసి చూడండి. బయటి నుంచి చూస్తే అన్ని సందులూ ఒకేలా కనిపిస్తాయి, లోపల చూస్తేనే తేడా తెలుస్తుంది. రకాలు నాలుగు.

ఆనని సందు: చదునైన ముఖాన్ని వంపు ఒంటికి ఆనించినప్పుడు వచ్చేది. మధ్యలో తగులుతుంది, అంచుల దగ్గర లేచి ఉంటుంది. దీనికి ప్యాచ్ వద్దు, సాలిడ్‌తోనే పోతుంది. మూడో భాగం చూడండి.

అంచుల సందు: రెండు భాగాల మధ్య నిజంగానే ఖాళీ ఉంటుంది, అక్కడ కొత్త ఆకారం రావాలి. గుండ్రటి ఒంటి నుంచి చతురస్రపు అడుగుకి నున్నగా దిగే అంచు లాంటిది. దీనికి సర్ఫేస్ కావాలి. నాలుగో భాగం.

దిగుమతి సందు: ఇంకొకరి స్టెప్ లేదా ఐజెస్ ఫైలు (ఒక క్యాడ్ నుంచి ఇంకో క్యాడ్‌కి మోడల్ పంపే ఫార్మాట్లు) తెరిచినప్పుడు వచ్చేది. కంటికి కనబడదు, కానీ బాడీ సాలిడ్‌గా రాదు. ఏడో భాగం.

కావాలని వదిలిన సందు: కదిలే భాగాల మధ్య క్లియరెన్సు, గ్యాస్కెట్ చోటు, వెల్డింగ్ కోసం వదిలే రూట్ గ్యాప్. వీటిని పూడ్చకూడదు. అసెంబ్లీలో సందు కనిపిస్తే ముందు డ్రాయింగ్ చూడండి, అనుమానం ఉంటే ఆ భాగం గీసినవాళ్లని అడగండి. ఒక్క ఫోన్‌తో తేలే విషయం ఇది. పొరపాటున పూడ్చేస్తే షాపులో రెండు భాగాలు ఒకదాంట్లో ఒకటి దిగవు.

2. మొదలుపెట్టే ముందు

కింది పనులకు పది నిమిషాలు పడతాయి. వీటిని దాటేసి మొదలుపెడితే తర్వాత ఎక్కడ తప్పిందో వెతకడానికే పూట గడిచిపోతుంది.

☐ ఫైలుకి కాపీ తీసుకుని, దాని మీదే పని చేయండి.
☐ యూనిట్లు చూడండి. అంగుళాల ఫైలుని మిల్లీమీటర్లు అనుకుంటే కింద చెప్పే ఏ కొలతా పనికిరాదు.
☐ ట్రీలో (మోడల్‌లోని ఫీచర్ల జాబితా) సాలిడ్ బాడీలు ఎన్ని, సర్ఫేస్ బాడీలు ఎన్ని ఉన్నాయో రాసుకోండి. పని అయ్యాక సరిచూసుకునేది ఈ అంకెలతోనే.
☐ సందు దగ్గరున్న ఫిల్లెట్లన్నీ (అంచుల్ని గుండ్రం చేసే ఫీచర్లు) సప్రెస్ చేయండి, అంటే తాత్కాలికంగా ఆపండి. ఫిల్లెట్ అంచుకి ప్యాచ్ అతికించడం కష్టం, తర్వాత మార్చడం ఇంకా కష్టం.
☐ సర్ఫేసుల తెరిచి ఉన్న అంచుల్ని వేరే రంగులో చూపించే ఆప్షన్ ఆన్ చేయండి. ఎక్కడ అతుకు పడలేదో రంగే చెబుతుంది. రైనోలో ఈ పనికి షోఎడ్జెస్ కమాండ్ ఉంది, నేకెడ్ ఎడ్జెస్ ఎంచుకోండి.
☐ ఆప్షన్లలో పెర్ఫార్మెన్స్ కింద ఉండే వెరిఫికేషన్ ఆన్ రీబిల్డ్ టిక్ పెట్టండి. రీబిల్డ్ కాస్త నెమ్మదిస్తుంది కానీ చెడిన ఫేస్ (ముఖం) అప్పటికప్పుడే బయటపడుతుంది.
☐ సందుని మూడు చోట్ల కొలవండి: మధ్యలో, రెండు చివర్లలో. మూడు కొలతలూ రాసుకోండి.

ఇంకోటి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. అతుకు ఎంత నున్నగా ఉండాలి? జీ0 అంటే అంచులు కలిస్తే చాలు, మడత కనిపించినా ఫర్వాలేదు. జీ1 అంటే రెండు వైపులా వాలు ఒకటే, మడత ఉండదు. జీ2 అంటే వంపు కూడా ఒకటే, వెలుగు పడినా గీత కనబడదు. లోపల దాక్కునే రిబ్బుకి (గోడకి బలమిచ్చే పట్టీ) జీ0 చాలు. చేత్తో పట్టుకునే చోటుకి జీ1. మెరిసే బయటి ముఖానికి జీ2. అన్నిటికీ జీ2 పెట్టకండి, అక్కర్లేని చోట అది సర్ఫేస్‌ని అలలు తేలేలా చేస్తుంది.

3. ప్యాచ్ లేకుండా పూడ్చడం: జగ్గు పిడి

ఒక ప్లాస్టిక్ నీళ్ల జగ్గు తీసుకుందాం. పొట్ట దగ్గర బయటి రేడియస్ 50 మి.మీ., గోడ మందం 2.5 మి.మీ. పిడి మొదలు 30 మి.మీ. వెడల్పు, 40 మి.మీ. ఎత్తు, చివర చదును.

ఆ చదును ముఖాన్ని జగ్గుకి ఆనిస్తే మధ్య గీత మాత్రమే తగులుతుంది. అంచు దగ్గర సందు ఎంతో లెక్క వేయండి: రేడియస్ వర్గంలోంచి సగం వెడల్పు వర్గం తీసి, వర్గమూలం కట్టి, దాన్ని రేడియస్‌లోంచి తీసేయాలి. 2500 లోంచి 225 పోతే 2275, దాని వర్గమూలం 47.70. అంటే సందు 2.30 మి.మీ.

"అయితే పిడిని 2.3 లోపలికి నెట్టేద్దాం" అని అనిపిస్తుంది. నిటారు గొట్టమైతే అది పని చేసినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే గోడ 2.5 మందం. మిగిలేది 0.2 మి.మీ. మాత్రమే. కానీ జగ్గు పొట్ట నిలువునా కూడా వంగి ఉంటుంది. ఆ నిలువు వంపు రేడియస్ 200 మి.మీ. అనుకుంటే పిడి మూలల దగ్గర సందు 3.36 మి.మీ. అవుతుంది. అంత లోపలికి నెడితే పిడి మధ్య భాగం గోడని దాటి జగ్గు లోపలికి 0.86 మి.మీ. పొడుచుకొస్తుంది. బయట సందు పోయింది, లోపల గడ్డ లేచింది. నెట్టడం పరిష్కారం కానిది ఇందుకే.

చేయాల్సిన వరుస ఇది:

అడుగు 1. జగ్గుని రివాల్వ్ చేసి (గీతని ఇరుసు చుట్టూ తిప్పి) షెల్ కొట్టండి (లోపల డొల్ల చేయండి). పిడి అతికించాక షెల్ కొడితే పిడి కూడా లోపల డొల్ల అయిపోవచ్చు.

అడుగు 2. పిడి స్వీప్ పాత్‌ని (పిడి ప్రొఫైల్ నడిచే గీత) జగ్గు చర్మం దగ్గర ఆపకండి. రెండు చివరలూ లోపలికి 10 మి.మీ. దాకా దాటించండి. స్వీప్ చేసేటప్పుడు మెర్జ్ రిజల్ట్ టిక్ తీసేయండి. పిడి వేరే బాడీగా ఉండాలి.

అడుగు 3. జగ్గు బయటి ఫేస్ ఎంచుకుని ఆఫ్‌సెట్ సర్ఫేస్‌తో 1 మి.మీ. లోపలికి ఒక సర్ఫేస్ తీయండి. ఇది 2.5 మి.మీ. గోడ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

అడుగు 4. ఇన్సర్ట్, కట్, విత్ సర్ఫేస్. ఈ సర్ఫేస్‌తో పిడి బాడీని మాత్రమే కోయండి. ఫీచర్ స్కోప్‌లో పిడినే ఎంచుకోవాలి, లేకపోతే జగ్గు కూడా తెగుతుంది. బాణం జగ్గు లోపలి వైపుకి ఉండాలి. పై అతుకు, కింది అతుకు రెండూ ఒకే కోతలో సరిపోతాయి.

అడుగు 5. కంబైన్, యాడ్. పిడి ఇప్పుడు గోడలోకి సరిగ్గా 1 మి.మీ. దిగి ఉంది. ఎక్కడా సందు లేదు, లోపలికీ పొడవలేదు.

అడుగు 6. ఆఫ్‌సెట్ సర్ఫేస్‌ని దాచేయండి. చివరగా అతుకు చుట్టూ 3 మి.మీ. ఫిల్లెట్. పిడి ప్రొఫైల్ మూలల్ని స్కెచ్‌లోనే గుండ్రంగా చేసి ఉంటే ఈ ఫిల్లెట్ ఒకే చుట్టుగా పరుగెత్తుతుంది.

1 మి.మీ. లోపలికి ఎందుకు, సరిగ్గా చర్మం మీదే కోస్తే పోదా అని అడుగుతారు. కోయొచ్చు, చాలాసార్లు పనీ అవుతుంది. కానీ రెండు ముఖాలు సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చున్నప్పుడు కెర్నల్ (క్యాడ్ లోపల లెక్కలు కట్టే ఇంజిన్) వాటిని కలిపే లెక్కలో ఇబ్బంది పడుతుంది. కాస్త లోతుగా దిగితే కోతగీత స్పష్టంగా వస్తుంది. రేపు జగ్గు రేడియస్ 50 నుంచి 52కి మార్చినా అతుకు చెడదు.

తిన్నగా ఎక్స్‌ట్రూడ్ అయ్యే (స్కెచ్ నుంచి సాగే) రిబ్బు, బాస్ (స్క్రూ కోసం లేపే గుబ్బ) లాంటివి అయితే ఇంత పని కూడా లేదు. ఎండ్ కండిషన్ బ్లైండ్ (ఇచ్చిన పొడవు దగ్గర ఆగేది) వదిలేసి అప్ టు సర్ఫేస్ లేదా అప్ టు నెక్స్ట్ పెట్టండి. గోడలోకి దిగాలంటే ఆఫ్‌సెట్ ఫ్రమ్ సర్ఫేస్ ఉంది. అందులో ట్రాన్స్‌లేట్ సర్ఫేస్ టిక్ తీసేస్తేనే నిజమైన సమదూరపు ఆఫ్‌సెట్ వస్తుంది. అప్ టు నెక్స్ట్ ఒప్పుకోకపోతే ప్రొఫైల్‌లో కొంత భాగం అవతలి ఫేస్ బయటికి పోతోందని అర్థం. ఎదురుగా నిలబడి చూడండి, ఎక్కడ బయటపడిందో కనిపిస్తుంది.

4. సర్ఫేస్ తప్పని చోట: మిక్సీ అడుగు

మిక్సీ మోటారు ఉండే గుండ్రటి ఒళ్లు, కింద మూలలు గుండ్రం చేసిన చతురస్రపు అడుగు. మధ్యలో 12 మి.మీ. ఖాళీ. పై వంపు నుంచి కింది అడుగుకి చీర కుచ్చిళ్లు జారినట్టు నున్నగా దిగాలి. ఇక్కడ నెట్టడం, కోయడం పనికిరావు.

అడుగు 1: సాలిడ్‌ని తెరవండి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. సాలిడ్ అంచు పట్టుకుని సర్ఫేస్ వేయొచ్చు, కానీ దాన్ని సాలిడ్‌తో నిట్ చేయలేరు. నిట్‌కి కావాల్సింది సర్ఫేస్ బాడీలు. కాబట్టి డిలీట్ ఫేస్ కమాండ్‌తో అడుగు సాలిడ్ పై ముఖాన్ని తీసేయండి. ఆప్షన్ డిలీట్ అనే ఉండాలి, డిలీట్ అండ్ ప్యాచ్ కాదు. మూత తీసిన డబ్బాలా సాలిడ్ సర్ఫేస్ బాడీ అయిపోతుంది, పై అంచులు తెరుచుకుంటాయి. మోటారు ఒంటి కింది ముఖానికీ ఇదే పని చేయండి.

అడుగు 2: నాలుగో వంతు మాత్రమే పని చేయండి. ఆకారం రెండు వైపులా సమానంగా ఉంటే రెండు ప్లేన్లతో కోసి పావు భాగం మాత్రం ఉంచుకోండి. మొత్తం చుట్టునీ ఒకే లాఫ్ట్‌తో (ఒక ప్రొఫైల్ నుంచి ఇంకో ప్రొఫైల్‌కి ఆకారం సాగదీసే కమాండ్) వేస్తే మూలల దగ్గర మెలిక పడుతుంది. పావు భాగానికి నాలుగు అంచులు వస్తాయి: పైన గుండ్రం, కింద చతురస్రం, పక్కల రెండు సమరూప ప్లేన్లు. నాలుగు అంచుల ముక్కని సాఫ్ట్‌వేర్ ఇబ్బంది లేకుండా తీసుకుంటుంది.

అడుగు 3: పక్క గీతలు గీయండి. ఒక్కో సమరూప ప్లేన్ మీద ఒక స్ప్లైన్ (నున్నటి వంపు గీత). పై చివరని మోటారు ఒంటి అంచుకి పియర్స్ రిలేషన్‌తో (చివరని సరిగ్గా అంచు మీదే నిలిపే కట్టు) కట్టండి, కింది చివరని అడుగు అంచుకి. ఊరికే దగ్గరగా పెడితే కుదరదు, పియర్స్ లేకపోతే సర్ఫేస్ ఆ గీతని పట్టుకోదు. రెండు చివర్లలో టాంజెంట్ రిలేషన్ (వాలు కలిపేది). స్ప్లైన్‌లో పాయింట్లు తక్కువ ఉండాలి. రెండు చివర పాయింట్లు, వాటి హ్యాండిళ్లు, అంతే. కర్వేచర్ కోంబ్స్ (వంపు ఎంతో చూపే దువ్వెన గీతలు) ఆన్ చేసి చూడండి. దువ్వెన పళ్లు నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గాలి. మధ్యలో అవతలి వైపుకి తిరిగితే అక్కడ సర్ఫేస్‌లో పల్లం పడుతుంది.

అడుగు 4: బౌండరీ సర్ఫేస్. డైరెక్షన్ 1లో పై అంచు, కింది అంచు. డైరెక్షన్ 2లో రెండు స్ప్లైన్లు. పై అంచుకి, కింది అంచుకి టాంజెంట్ టు ఫేస్. మెరిసే బయటి ముఖం అయితే కర్వేచర్ టు ఫేస్. పక్క స్ప్లైన్ల దగ్గర నార్మల్ టు ప్రొఫైల్ పెట్టండి. లేకపోతే మిర్రర్ చేశాక నడి మధ్యలో సన్నటి మడత గీత మిగులుతుంది.

అడుగు 5: మిర్రర్ రెండుసార్లు. అప్పుడు చుట్టు పూర్తవుతుంది.

అడుగు 6: జీబ్రా చారలు. మోడల్ మీద నలుపు తెలుపు చారలు ప్రతిబింబించినట్టు చూపించే ఆప్షన్ ఇది. నిట్ చేసే ముందే చూడండి, తర్వాత కాదు. అతుకు దగ్గర చార తెగి పక్కకి జరిగితే అక్కడ జీ0 మాత్రమే ఉంది. చార కలిసి మూల తిరిగితే జీ1. చార ఏమీ తెలియనట్టు సాగిపోతే జీ2.

ఈ అడుగు నేను ఒకసారి వదిలేశాను. ఒక బ్లోయర్ కవరు పని. స్క్రీన్ మీద నున్నగానే ఉంది, ఫైలు ఒక టూల్‌రూముకి వెళ్లిపోయింది. మోల్డ్ పాలిష్ అయ్యాక ట్యూబ్‌లైటు కింద తిప్పి చూస్తే వెలుగు గీత అతుకు దగ్గర విరిగింది. ప్యాచ్ ఒక వైపు టాంజెంట్ కాకుండా కాంటాక్ట్‌లో (జీ0) ఉండిపోయింది. ఆ ఉక్కుని చేత్తో రుద్ది గీత మాయం చేయడానికి పాలిషింగ్ అన్నకి రెండు రోజులు పట్టింది. నేను ఒక్క క్లిక్‌లో చూడాల్సిన దానికి ఆయన చేతులు పడ్డ పని అది. అప్పటి నుంచి జీబ్రా చూడకుండా ఏ ఫైలూ పంపలేదు.

5. ఫిల్ ఎక్కడ వాడాలి, ఎలా వాడాలి

ఫిల్డ్ సర్ఫేస్ మిగిలిన చిన్న రంధ్రాలకి. పెద్ద ఆకారాలు దానికి అప్పజెప్పకండి. చుట్టూ మూసుకున్న అంచులు ఇస్తే లోపల తనకి తోచినట్టు నింపుతుంది, ఆకారం మీ చేతిలో ఉండదు.

వాడేటప్పుడు ఒక్కో అంచుకీ కర్వేచర్ కంట్రోల్ విడిగా పెట్టండి. అన్ని అంచులకీ ఒకేసారి టాంజెంట్ కొట్టి ఓకే అనేస్తే సగం చోట్ల ముడత పడుతుంది. ముందు అన్నీ కాంటాక్ట్‌లో పెట్టి సర్ఫేస్ వస్తోందో లేదో చూడండి. వస్తే ఒక్కో అంచూ టాంజెంట్ చేస్తూ రండి. ఏ అంచు దగ్గర చెడిందో అక్కడే సమస్య. టాంజెంట్ తప్పు ఫేస్ వైపు పోతుంటే ఆల్టర్నేట్ ఫేస్ నొక్కండి. మధ్యలో పొంగినా, కుంగినా ఒక స్ప్లైన్ గీసి కన్‌స్ట్రెయింట్ కర్వ్‌గా ఇవ్వండి.

మూడు అంచుల రంధ్రం మొండిది. మూడు అంచుల ముక్కలో ఒక మూల సూదిమొనలా కుంచించుకుపోతుంది. అక్కడ షెల్, థిక్కెన్ (సర్ఫేస్‌కి మందం ఇవ్వడం), ఆఫ్‌సెట్ అన్నీ మొరాయిస్తాయి. దీనికి దారి ఒకటుంది. రంధ్రం కన్నా పెద్దగా నాలుగు అంచుల సర్ఫేస్ ఒకటి వేసి, దాన్ని పక్క సర్ఫేసులతో ట్రిమ్ చేయండి. దర్జీ గుడ్డని కొలత కన్నా పెద్దగా తీసి తర్వాత కత్తిరించినట్టే.

చిన్న సందుకి ఫిల్ కన్నా సులువైనది ఇంకోటి ఉంది: ఫేస్ ఫిల్లెట్. మామూలు ఫిల్లెట్‌కి అంచు కావాలి, దీనికి అక్కర్లేదు. పక్కపక్కన లేని రెండు ఫేసుల మధ్య కూడా వంతెన వేస్తుంది. రెండు ఫేసుల్నీ ఒకేసారి తాకుతూ దొర్లే బంతిని ఊహించుకోండి. సందులో పడిపోనంత పెద్ద బంతి అయితే, అంటే రేడియస్ సరిపడా ఉంటే, పని అయిపోయినట్టే.

6. కుట్టడం, సాలిడ్ చేయడం

ఎక్స్‌టెండ్, ట్రిమ్, నిట్. ఈ వరుస తప్పనివ్వకండి.

రెండు సర్ఫేసులు దగ్గరగా వచ్చి కలవకపోతే టాలరెన్స్ (ఎంత సందుని కలిసినట్టే లెక్కించాలో చెప్పే అంకె) పెంచే ముందు ఎక్స్‌టెండ్ సర్ఫేస్‌తో రెండిటినీ ఒకదాన్నొకటి దాటేలా పొడిగించండి. సేమ్ సర్ఫేస్ పెడితే ఉన్న వంపే కొనసాగుతుంది, లీనియర్ పెడితే అంచు నుంచి తిన్నగా పోతుంది. వంపు సర్ఫేస్‌కి సేమ్ సర్ఫేస్ సరైనది, అది విఫలమైతేనే లీనియర్. తర్వాత ట్రిమ్ సర్ఫేస్‌లో మ్యూచువల్ ఎంచుకోండి. రెండూ ఒకే గీత దగ్గర తెగి, ఒకే బాడీగా కలిసి వస్తాయి. ఆ అతుకులో సందు అన్న మాటే ఉండదు.

మిగిలిన వాటికి నిట్. మెర్జ్ ఎంటిటీస్, క్రియేట్ సాలిడ్ టిక్‌లు, గ్యాప్ కంట్రోల్ టిక్ ఆన్ చేయండి. గ్యాప్ కంట్రోల్ జాబితాలో ప్రతి సందు ఎంతో అంకెతో చూపిస్తుంది. అక్కడ కనబడే అంకెల్ని చదవకుండా టాలరెన్స్ జరపకండి.

సాలిడ్‌వర్క్స్ కింద నడిచే పారాసాలిడ్ కెర్నల్ 0.00001 మి.మీ. కన్నా దగ్గరున్న రెండు బిందువుల్ని ఒకటిగా లెక్కిస్తుంది. అంతకన్నా దూరం ఉన్నవి కంటికి ఎంత కలిసినట్టు కనిపించినా దానికి వేరే. ఎంత జూమ్ చేసినా సందు కనబడదు, అయినా సాలిడ్ కాదు అనే ఫిర్యాదుకి కారణం ఇదే. టాలరెన్స్ పెంచితే ఆ అంచుని సాఫ్ట్‌వేర్ వదులుగా పట్టుకుంటుంది, సందు మాత్రం పోదు. 0.005 మి.మీ. దాకా నేను ఒప్పుకుంటాను. 0.05 దాటిందంటే ఆ అంచు మళ్లీ కట్టాల్సిందే. ఇప్పుడు వదిలేస్తే తర్వాత షెల్ ఆగిపోతుంది, లేదా సీఎన్‌సీ టూల్‌పాత్ (మెషిన్ కట్టర్ నడిచే దారి) ఆ గీత దగ్గర ఎగిరి దిగుతుంది.

రైనోలో జాయిన్ఎడ్జ్ ఇంకా ప్రమాదం. టాలరెన్స్‌తో పని లేకుండా రెండు అంచుల్ని కట్టేస్తుంది, ఆకారం మాత్రం కదలదు. రైనోలో మ్యాచ్‌సర్ఫ్‌తో అంచుని సరిచేసి మామూలు జాయిన్ వాడండి. అక్కడి క్యాప్ కమాండ్ చదునైన మూతలకే పని చేస్తుంది, వంపు రంధ్రానికి ఆశ పెట్టుకోకండి.

ఫ్యూజన్‌లో ఇదే పని ప్యాచ్, ఎక్స్‌టెండ్, ట్రిమ్, స్టిచ్. ఫ్రీక్యాడ్‌లో సర్ఫేస్ వర్క్‌బెంచ్‌లో ఫిల్లింగ్‌తో ముక్కలు వేసి, పార్ట్ వర్క్‌బెంచ్‌లోని షేప్ బిల్డర్‌తో ముందు ఫేసుల్ని షెల్‌గా, తర్వాత షెల్‌ని సాలిడ్‌గా చేయాలి. తర్వాత చెక్ జామెట్రీ.

7. బయటి నుంచి వచ్చిన ఫైళ్లు

ముందు పంపినవాళ్లని అడగండి: పారాసాలిడ్ ఫైలు ఇవ్వగలరా? అది కుదరకపోతే స్టెప్. ఐజెస్ చివరి దారి. ఐజెస్ ఎక్కువగా విడి విడి సర్ఫేసులుగా వస్తుంది, ఏ అంచు ఏ అంచుకి అతుక్కుందో అన్న సమాచారం దాంట్లో పోతుంది. గంటలు గంటలు రిపేరు చేసే ముందు మంచి ఫైలు ఒకటి అడిగితే తప్పు లేదు.

తెరవగానే, ఒక్క ఫీచరూ చేర్చకముందే ఇంపోర్ట్ డయాగ్నస్టిక్స్ నడపండి. కింద ఫీచర్లు చేరాక అది నడవదు. త్రీడీ ఇంటర్‌కనెక్ట్‌తో తెరిచి ఉంటే ముందు లింకు తెంచాలి. చెడిన ఫేసులు, సందులు రెండు జాబితాలుగా చూపిస్తుంది. అటెంప్ట్ టు హీల్ ఆల్ ఒకసారి కొట్టండి. పోనివి ఉంటే:

అడుగు 1. చెడిన ఫేస్‌ని డిలీట్ చేయండి. మెలిక పడ్డ ఫేస్‌ని బాగు చేయడం కన్నా కొత్తది వేయడం తేలిక.
అడుగు 2. చుట్టూ ఉన్న మంచి ఫేసుల్ని ఎక్స్‌టెండ్ చేసి, మ్యూచువల్ ట్రిమ్ చేయండి. చాలాసార్లు ఇంతటితో మూసుకుంటుంది.
అడుగు 3. ఇంకా రంధ్రం మిగిలితే ఫిల్.
అడుగు 4. నిట్, సాలిడ్.
అడుగు 5. ముఖ్యమైన రంధ్రాల వ్యాసం, దూరాలు డ్రాయింగుతో పోల్చండి. హీలింగ్ ఫేసుల్ని కాస్త జరుపుతుంది. బేరింగ్ కూర్చునే చోటు జరిగితే ఆ ఫైలు పనికిరాదు.

8. తరచూ చేసే తప్పులు, వాటికి మందులు

ప్యాచ్ వేశాను, సాలిడ్ మీద తేలుతోంది, కలవడం లేదు. సాలిడ్ ఫేస్ తీయలేదు. నాలుగో భాగంలో మొదటి అడుగు చూడండి.

నిట్ అయింది కానీ క్రియేట్ సాలిడ్ పని చేయడం లేదు. ఎక్కడో ఒక అంచు తెరిచే ఉంది. రంగు మారిన అంచు వెతకండి. బయట కనబడకపోతే సెక్షన్ వ్యూలో లోపల చూడండి. లోపల మిగిలిపోయిన పాత ఫేస్ కూడా ఇదే తలనొప్పి తెస్తుంది.

సాలిడ్ అయింది, ఫిల్లెట్ పడడం లేదు. అతుకు దగ్గర జుట్టులాంటి సన్నటి ఫేస్ ఉండి ఉంటుంది. దాన్ని డిలీట్ అండ్ ప్యాచ్‌తో తీసేయండి. పక్క ఫేసులు సాగి ఆ చోటుని మూస్తాయి.

కొలత మార్చగానే అంతా ఎర్రబడింది. స్కెచ్ గీతల్ని ఫిల్లెట్ అంచులకి కట్టి ఉంటారు. ఫిల్లెట్ రేడియస్ మారితే ఆ అంచుకి క్యాడ్ పెట్టుకున్న గుర్తింపే మారిపోవచ్చు. ప్లేన్లకీ, మొదట గీసిన స్కెచ్‌లకీ కట్టండి.

థిక్కెన్ చేస్తే ఎర్రర్. సర్ఫేస్‌లో ఎక్కడో వంపు రేడియస్ మీరిచ్చిన మందం కన్నా చిన్నది. 2 మి.మీ. వంపు లోపలికి 3 మి.మీ. మందం పట్టదు. కర్వేచర్ రంగుల్లో కనీస రేడియస్ చూసి, మందం తగ్గించండి లేదా ఇంకో వైపుకి థిక్కెన్ చేయండి.

త్రీడీ ప్రింట్ తీస్తే గోడకీ పిడికీ మధ్య చీలిక. రెండు బాడీలు కలపకుండానే ఎస్‌టీఎల్ (త్రీడీ ప్రింటింగ్ ఫైలు) ఇచ్చి ఉంటారు. ఎస్‌టీఎల్‌కి అతుకులు వేసే బదులు క్యాడ్‌లో బాడీల్ని కంబైన్ చేసి మళ్లీ ఎగుమతి చేయండి.

9. పంపే ముందు చూడాల్సినవి

☐ ట్రీలో సాలిడ్ బాడీలు ఎన్ని? మొదట రాసుకున్న అంకెతో పోల్చండి. జగ్గు, పిడి కలిస్తే ఒకటే ఉండాలి.
☐ సర్ఫేస్ బాడీలు మిగిలాయా? పని కోసం వేసిన ఆఫ్‌సెట్ సర్ఫేస్ తప్ప ఇంకేదైనా ఉంటే అది కుట్టు పడని ముక్క.
☐ ఇవాల్యుయేట్‌లో చెక్: చెడిన ఫేసులు, చెడిన అంచులు సున్నా ఉండాలి.
☐ సెక్షన్ వ్యూని అతుకు గుండా మూడు చోట్ల నడపండి. మధ్యలో ఒక్కచోట చూసి వదలకండి. జగ్గు పిడి సందు మధ్యలో సున్నా, మూలలో 3.36 మి.మీ. అన్నది గుర్తుందిగా.
☐ జగ్గు లోపలి గోడ ఒకే ఫేస్‌గా ఉందా? క్లిక్ చేస్తే మొత్తం ఒకేసారి వెలగాలి. పిడి వెనక చిన్న ముక్క వేరుగా వెలిగితే పిడి లోపలికి పొడుచుకొచ్చినట్టే.
☐ బయటి ముఖం మీద జీబ్రా చారలు. మోడల్‌ని నెమ్మదిగా తిప్పుతూ చూడండి, ఒక్క కోణంలో ఆగకండి.
☐ జగ్గు రేడియస్‌ని 2 మి.మీ. పెంచి రీబిల్డ్, 2 తగ్గించి రీబిల్డ్. రెండుసార్లూ ఎర్రర్ లేకుండా వస్తే పాత కొలతకి వెనక్కి పెట్టి సేవ్ చేయండి.
☐ స్టెప్‌గా ఎగుమతి చేసి అదే ఫైలుని మళ్లీ తెరవండి. ఇక్కడ సాలిడ్‌గా వస్తేనే అవతలివాళ్ల దగ్గర కూడా సాలిడ్‌గా వచ్చే నమ్మకం.